ప్రేమమ్మ హాజరు శాతం

ఆ మంగళవారం ప్రేమమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండుమిరపకాయలకు తొడిమలు తీసి, పది గంటలలోపు మిల్లుకు తీసుకుపోయి కారం పట్టించుకోవాలి. కోయిలకుంట్లలో ఎవరింట్లో ఏ పని ఎప్పుడవుతుందో చెప్పలేం గానీ, ప్రేమమ్మ ఇంట్లో మాత్రం చెప్పవచ్చు. పక్కింటి ఈరక్క తన గడియారం ఆగిపోతే ప్రేమమ్మ వాకిట్లో ముగ్గు చూసి టైము పెట్టుకునేది.

సగం బుట్ట అయ్యేసరికి కర్నూలు నుంచి కూతురు మహిమ ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడాది, హాస్టల్లో ఉంటోంది.

"మా, హాజరు లిస్టు పెట్టినారు. నాకు డెబ్బై రెండే వచ్చింది."

ప్రేమమ్మ చేతిలో మిరపకాయ ఆగిపోయింది. క్రైస్తవ సంఘాల విద్యార్థి నిధి వాళ్లు మహిమ ఫీజు, హాస్టలు రెండూ కట్టేది మూడు షరతుల మీద. అన్ని పేపర్లూ పాసవ్వాలి. కాలేజీలో డెబ్బై ఐదు శాతం హాజరుండాలి. ప్రతి ఆదివారం సొంత ఊరి గుడిలో ఉన్నట్టు పాస్టరు అయ్యగారు సంతకం చేయాలి. ఒక్కటి తప్పినా మూడో ఏడాది సాయం ఉండదు. విత్తనాల అంగడిలో పనిచేసే భర్త జయపాల్ జీతంతో మూడో ఏడాది చదువన్నది జరగని మాట.

"మార్కులన్నీ బాగుండాయి మా. హాజరు ఎందుకు తగ్గిందంటే, శనివారం..."

"కారణాలు చెప్పాకు. నేనూ ఆ నిధి మీదే చదివినా. మూడేండ్లలో ఒక్క రోజు మానింది లేదు, తెలుసా?"

"తెలుసు మా. నెలకొకసారి చెప్తావు గదా. అది కాదు, సోమవారం బస్సు..."

ప్రేమమ్మ ఫోన్ పెట్టేసింది. చేతులకు కారం అంటుకుని ఉండడంతో వేలి కణుపుతో, సంఘం వాట్సాప్ గ్రూపులో రెండే ముక్కలు రాసింది: "మహిమ కోసం ప్రార్థన చేయండి. సంగతి తర్వాత చెప్తాను." ఫోన్ ఛార్జింగుకు పెట్టి, అలవాటుగా చేత్తో కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే పెరుగు కోసం ఈరక్క వచ్చింది. ప్రేమమ్మ రెండు కళ్లూ నిప్పుల్లా ఎర్రబడి ధారగా కారుతున్నాయి.

"ఏమైంది ప్రేమమ్మా?"

"మహిమ..." అని, మాట పూర్తి చేయలేక ప్రేమమ్మ నీళ్ల తొట్టి దగ్గరకు పరుగెత్తింది.

ఈరక్క పెరుగు గిన్నె గడప మీదే వదిలేసి నేరుగా సంఘపెద్ద దాసన్న ఇంటికి పోయింది. ఆయన అప్పటికే గ్రూపులో సందేశం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదువుతున్నాడు.

"ప్రేమమ్మ ఒకటే ఏడుస్తాండాది దాసన్నా. నోట మాట రాలేదు."

దాసన్న కళ్లు మూసుకున్నాడు. "నాకు తెలుసు. కామెర్లు. తొంభై ఎనిమిదిలో తల్లికి ఈ ఈడులోనే ఇట్లనే వచ్చినాయి. కర్నూలు హాస్టలుకు నేనే సీసాలో పసరు ఎత్తుకపోయి ఇచ్చొచ్చినా. తల్లికొచ్చిందే బిడ్డకూ వచ్చింటాది."

నేల ఉసిరి పసరు తీయడంలో దాసన్నది చుట్టుపక్కల పేరున్న చేయి. అరగంటలో సీసా నిండింది. నలుగురు ఆడవాళ్లు రొట్టె, నిమ్మకాయలు, పాటల పుస్తకాలు పట్టుకుని ఆటో ఎక్కారు. దారిలో విత్తనాల అంగడి ముందు ఆపి జయపాల్‌ను కూడా ఎక్కించారు.

"కామెర్లని ఎవరు చెప్పినారు మామా?" అన్నాడు జయపాల్ కంగారుగా.

"ఎవరు చెప్పాలప్పా? ప్రేమమ్మకు ఎట్ల వచ్చినాయో అట్లనే వచ్చినాయి."

ఆ మాటకు జయపాల్ ఎందుకో నోరు మూసుకున్నాడు. ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. ప్రేమమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె అప్పటికి మిల్లులో, కరెంటు పోయి, వరుసలో పన్నెండో మనిషిగా నిలబడి ఉంది. ఫోన్ ఇంట్లో ఉంది.

కాలేజీ గేటు ముందు టిఫిన్ బండి దగ్గర మహిమ బొరుగుల ఉగ్గాని తింటోంది. ఇంకో చేతిలో మిరపకాయ బజ్జీ ఉంది. ఎదురుగా ఆటో ఆగింది. అందులోంచి ఊరు దిగింది.

"కామెర్లలో నూనె తింటాండావా పాపా!" అంటూ ఒకామె బజ్జీ లాక్కుంది. ఇంకొకామె కనురెప్ప పైకెత్తి చూసింది. మహిమ వేసుకున్న పసుపు చున్నీ మీద ఎండ పడి, కళ్లూ ముఖమూ అన్నీ ఆ రంగే కనిపించాయి. "అయ్యో దేవా, శానా ముదిరింది!"

"నాకేం లేదు పెద్దమ్మా! నాయనా, నువ్వన్నా చెప్పు!"

జయపాల్ నోరు తెరిచేలోపల ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. దాసన్న గ్లాసు పట్టించాడు. పెద్దవాళ్లు ఇస్తే కాదనకూడదని తల్లి నేర్పిన పిల్ల గనుక మహిమ తాగింది. తాగినదంతా, దానికి ముందు తిన్న ఉగ్గానితో సహా, పది నిమిషాల్లో బయటికి వచ్చింది. అందరూ కలిసి ఆమెను ఆస్పత్రికి మోసుకుపోయారు.

డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి చెప్పింది. "ఈ అమ్మాయికి కామెర్లు లేవు."

దాసన్న చేతులు పైకెత్తాడు. "చూస్తిరా! ఒక్క గ్లాసుకే పోయినాయి!"

ఆదివారం గుడిలో మహిమ లేచి స్వస్థత సాక్ష్యం చెప్పాలని ఆస్పత్రి వరండాలోనే తీర్మానం అయిపోయింది. సాయంత్రం కాలేజీ హాజరు మిషను మీద వేలిముద్ర వేయలేదు గనుక ఆ రోజు కూడా గైర్హాజరే. డెబ్బై రెండు కాస్తా ఇంకా కిందికి జారింది.

సంగతంతా విన్న ప్రేమమ్మ మరుసటి రోజు తొలి బస్సుకే కర్నూలు చేరింది. మహిమను వెంటబెట్టుకుని నిధి ఆఫీసుకు నడిచింది. గేటు లోపల వేపచెట్టు, ఎర్ర గచ్చు అరుగు, పాత కాగితాల వాసన, ఏవీ మారలేదు. రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి మొదటిసారి ఈ అరుగు మీద కూర్చున్న రోజు, హాస్టలు గంట కొట్టగానే నలభై మంది ఒకే కొళాయికి పరుగెత్తిన పొద్దులు ఆమెకు గుర్తొచ్చాయి. పేరు పిలిస్తే లేచి "ప్రెజెంట్ సార్" అంటే చాలిన కాలం అది. వేలితో పని లేదు.

సూపరింటెండెంట్ ఓబుళేశు అప్పుడు ఈ ఆఫీసులోనే అటెండరు. ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది.

"వందనాలు సార్. నా బిడ్డకు ఏ జబ్బూ లేదు. ఆస్పత్రి కాగితం చూపించి తప్పించుకోవడం నాకిష్టం లేదు. క్లాసులు మానిందంటే మానింది. మా కాలంలో నేను ఒక్క రోజు..."

"మా, ఒక్క నిమిషం నన్ను చెప్పనీ!" అంది మహిమ. "శనివారం సాయంత్రం క్వయర్ ప్రాక్టీసుకు ఉండాలని నువ్వే మధ్యాహ్నం బస్సుకు రమ్మంటావు. సాయంత్రం వేలిముద్ర పడదు. సోమవారం పొద్దున బస్సుకు పంపిస్తావు. అది వచ్చేసరికి పదిన్నర. పొద్దున ముద్ర పడదు. రెండు ముద్రలు పడకుంటే రోజంతా లేనట్టే. ఇంక డెబ్బై ఐదు యాడ నుంచి వస్తాది?"

ప్రేమమ్మ కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

ఓబుళేశు నవ్వలేదు. "ఆదివారం ఊర్లో ఉండమని రాసింది మేమే కదమ్మా. గుడి రిజిస్టరు నకలు, అయ్యగారి జాబు తెప్పించండి. శని, సోమవారాలకు మినహాయింపు రాస్తాను. ఇట్లాంటి పిల్లలు ఇంకా పదిమంది ఉండారు." ఫైలు తెరవడానికి తాడు విప్పాడు. "పూర్వ విద్యార్థుల పిల్లలైతే పెద్దవాళ్ల ఫైలు కింద పెట్టి కడతాం. ఇదో, మీదీ ఉండాది."

పసుపుపచ్చబడిన అర్జీ కాగితం పైకొచ్చింది. ప్రేమమ్మ గుండ్రటి చేతిరాత, ఆకుపచ్చ ఇంకు. తల్లి కంటే ముందు మహిమ చదివింది.

"హాజరు డెబ్బై ఒక్క శాతం. పదకొండు రోజులు కామెర్లతో... మా! ఒక్క రోజు మానలేదంటివే?"

"మాట్లాడకుండా పద," అంది ప్రేమమ్మ.

ఇద్దరూ బస్టాండు దారి పట్టారు. దూరంగా కొండారెడ్డి బురుజు కనిపించినప్పుడు ప్రేమమ్మ నడక తగ్గింది. పదకొండు పొద్దులు ఆ మెట్ల మీద కూర్చుని ఉప్పూకారం అద్దిన జామకాయలు తిన్న పిల్ల ఒకతి ఆమెకు కనిపించింది. ఆ పిల్ల పక్కన, టైపు నేర్చుకోవడానికి రాజంపేట నుంచి వచ్చిన అబ్బాయి. ఊరి నుంచి దాసన్న మోసుకొచ్చిన పసరు హాస్టలు వరండాలో క్రోటన్ కుండీ తాగింది. వారం తిరక్కుండానే ఎండిపోయింది పాపం.

ఆదివారం గుడి నిండిపోయింది. ఎన్నడూ లోపలికి రాని ఈరక్క కూడా వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. "స్వస్థత పొందిన బిడ్డ సాక్ష్యం చెప్తాది," అన్నారు అయ్యగారు. మహిమ లేవలేదు. తల్లి వైపు చూసింది. ఒక్క రోజు మానలేదని నెలకొకసారి చెప్పే మాట ఎవరిదో ఆ చూపులో ఉంది.

ప్రేమమ్మ కొంగు సర్దుకుని లేచింది.

"నా బిడ్డకు కామెర్లు రాలేదు. తొంభై ఎనిమిదిలో నాకూ రాలేదు. హాజరు తగ్గితే సాయం ఆగిపోతుందని భయపడి అబద్ధం రాసినా. అప్పుడు మీరందరూ ఉపవాసముండి ప్రార్థన చేసినారు. ఆ ప్రార్థనకు నేను ఇప్పుడు వందనాలు చెప్తాండా."

ముందు బెంచీ నుంచి దాసన్న మెల్లగా వెనక్కి తిరిగాడు.

"అయితే నా పసరు?"

"కుండీలో పోసినా మామా."

ఆరాధన ముగిశాక దాసన్న ప్రేమమ్మ ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, సంచిలోంచి సీసా తీశాడు. మొన్న మిగిలింది సరిగ్గా ఒక గ్లాసు. వంచి ఆమె చేతికిచ్చాడు.

ప్రేమమ్మ ముఖం చిట్లించకుండా సగం తాగింది. మిగతా సగం జయపాల్ ముందు పెట్టింది. ఆ పదకొండు రోజులూ బురుజు మెట్ల మీద ఆమె ఒక్కతే కూర్చోలేదు మరి.