ఎర్రనేల రెండో భాగం

ఆ ఆదివారం తిప్పేష్ పొద్దున్నే లేచి మూడు పనులు పెట్టుకున్నాడు. శింగనమలకు పోయి కోడికూర తేవడం, తిని కాసేపు నడుం వాల్చడం, సాయంత్రం ఐదు లోపల ఉత్తరం పంపడం. మూడింటిలో మూడోదే ముఖ్యం. మిగతా రెండూ దానికి ముందు మనసు కుదుటపరచుకోవడానికి పెట్టుకున్నవి.

ఉత్తరం సంగతి చెప్పాలి. తిప్పేష్‌కు ఇరవై ఏడేళ్లు, పెళ్లయి ఏడాది, అయినా కంప్యూటర్లో ఒక ఆటంటే ప్రాణం. అందులో మనమే ఒక మనిషి వేషం కట్టి, నీటిచుక్క లేని ఏదో గ్రహం మీద దిగాలి. దొరికినవాళ్లను తోడు పెట్టుకొని ఊరూరా తిరగాలి. ఎవరికి మేలు చేయాలో ఎవరితో తగువు పెట్టుకోవాలో మనమే తేల్చుకోవాలి. పేరు ఇంగ్లీషులో ఏదో ఉందిగాని, ఆడే తెలుగువాళ్లంతా దాన్ని ఎర్రనేల అంటారు. వాన లేని ఎర్రమట్టి, ఎండిన బావులు, గాలికి లేచే దుమ్ము. మిగతా దేశాలవాళ్లకు అది వింతలోకమేమోగాని, అనంతపురం జిల్లావానికి అందులో దారి అడగాల్సిన పని లేదు. మొదటి భాగం వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు కంపెనీవాళ్లు రెండో భాగం చేస్తున్నామని, అందులో ఏమేం కావాలో అభిమానులు ఎవరి భాషలో వాళ్లు రాసి పంపమని, అన్నిటికన్నా నచ్చిన ఉత్తరం రాసినవారి పేరు ఆటలో ఒక ఊరికి పెడతామని ప్రకటించారు. గడువు ఆ ఆదివారం ఐదు గంటలు.

తిప్పేష్ రాశాడు. చిక్కంతా అతను రాసిన తీరులోనే ఉంది. అతను శింగనమలలో దస్తావేజులు రాసే రామదాసు దగ్గర టైపిస్టు. నాలుగేళ్లుగా భూమి అమ్మకాలు, అన్నదమ్ముల పంపకాలు టైపు కొట్టి కొట్టి అతని చేతికి వేరే తెలుగు రావడం మానేసింది. పెళ్లికి ముందు జయంతికి రాసిన ప్రేమలేఖను కూడా 'సదరు తేదీన మిమ్ములను చూచినది మొదలుకొని' అని ఎత్తుకున్న మనిషి. ఈ ఉత్తరాన్నీ అదే ధోరణిలో, షరతుల కింద నంబర్లు వేసి, ఆఫీసులోనే అచ్చు తీసి, ఇంకోసారి దిద్దుకుందామని ఇంటికి తెచ్చాడు. ఆదివారం దాన్ని టీవీ పక్కన పెట్టి కూరకు పోయాడు.

ఇంట్లో పెద్దాయన కొండప్ప, తిప్పేష్‌కు పెదనాయన. నాయన తిమ్మన్న ఆయనకు తమ్ముడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి, ఊరి బయట తొమ్మిదెకరాల చేను. ముప్పై ఏళ్లుగా దాన్ని పంచుకోకుండా కలిసి చేసుకుంటున్నారు. ఊళ్లో అట్లాంటి ఇల్లు ఇంక తమదొక్కటేనని కొండప్ప అడిగినవాళ్లకూ చెబుతాడు, అడగనివాళ్లకూ చెబుతాడు. ఇంకొక అలవాటు కూడా ఉంది ఆయనకు. కాగితం కనబడితే చదవకుండా వదలడు, అదీ గట్టిగా, ఇంటిల్లిపాదికీ వినబడేట్టు. మందుల డబ్బాలో ఉండే చీటీని కూడా అట్లాగే చదువుతాడు. ఇక వాళ్ల తొమ్మిదెకరాల చేనును ఊళ్లో ఏమని పిలుస్తారంటే, ఎర్రనేల అని పిలుస్తారు.

తిప్పేష్ కూర సంచితో తిరిగొచ్చేసరికి ఇల్లు ఒక రకంగా ఉంది. పెదనాయన అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నాయన నేల చూస్తున్నాడు. అమ్మ ఆంజినమ్మ, పెద్దమ్మ లక్ష్మీదేవి శెనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ చేతులు ఆపేశారు. జయంతికి సంచి అందిస్తే అందుకోలేదు. ఏమైందంటే "ఏమీ లే" అంది. తలనొప్పా అంటే "ఊఁ" అంది. పుట్టింటి నుంచి ఫోనేమన్నా వచ్చిందా అంటే "తెలీదు" అంది. పోనీ ఈ కూర ఎక్కడ పెట్టాలంటే "నీ ఇష్టం" అంది. ఆ తర్వాత ఏమడిగినా ఆ నాలుగింటినే తిప్పి తిప్పి చెప్పింది. కాళ్ల ముక్కలు తక్కువ తెచ్చినందుకు కోపమేమో అనుకున్నాడు మన వెర్రిబాగులోడు.

అప్పుడు కొండప్ప కాగితం పైకెత్తి చూపించాడు.

"తిప్పేషా, ఇది నువ్వు రాసిందేనా?"

తిప్పేష్ ముఖం వెలిగిపోయింది. ఇంట్లో ఒక మనిషి తన ఆట గురించి అడగడం అదే మొదలు. "నేనే పెదనాయనా. మూడు నెల్లు ఆలోచన చేసి రాసినా. ఈ పొద్దు ఐదు లోపల పంపల్ల."

"నీకొక్కనికేనా ఈ కోరిక, ఇంకెవురికన్నా ఉండాదా?"

"అందరికీ ఉండాది. రెండో భాగం కోసరం ఎనిమిదేండ్లుగా కాసుకోని ఉండాం. మొదటి భాగం చేసినోళ్లు ముసలోళ్లయిపోతాండారు. వాళ్లుండంగానే ఇచ్చేస్తే అందరికీ నిమ్మళం."

కొండప్ప ఇంకేమీ అడగలేదు. ఎనిమిదేండ్లుగా, అని తనలో తాను అనుకున్నట్టు అని తమ్ముని వైపు చూశాడు. సరిగ్గా ఎనిమిదేళ్ల కిందటే చేనులో పాత బోరు ఎండిపోయి, కొత్తది యాడ వేయాలన్న దగ్గర అన్నదమ్ములకు మాటామాటా వచ్చింది. ఆ సంగతి కొడుకు మనసులో పెట్టుకొని ఇన్నాళ్లూ కుమిలినాడా అని తిమ్మన్న అన్న చూపు తప్పించుకొని ముఖం పక్కకు తిప్పాడు. అది చూసి తమ్ముడు కూడా ఒప్పుకున్నట్టే అనుకున్నాడు కొండప్ప. లేచి పెరట్లోకి పోయి, ఫోనులో ఎవరితోనో తక్కువ గొంతుతో మాట్లాడాడు.

తిప్పేష్ ఇవేవీ పట్టించుకోలేదు. భార్య అలిగింది కాబట్టి కూర తనే కడగబోయాడు. అది కడగడం అయ్యేలోగా వాకిట్లో స్కూటరు ఆగింది. దిగింది రామదాసు. చంకలో దస్తావేజుల సంచి, చేతిలో కొలత టేపు. ఆదివారం పూట యజమాని ఇంటికే వచ్చేసరికి తిప్పేష్‌కు ఒకటే తోచింది. ఆఫీసు కాగితం మీద, ఆఫీసు సిరాతో సొంత ఉత్తరం అచ్చు తీసుకున్న సంగతి బయటపడిందన్నమాట. తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ ఎదురుపోయాడు.

"తప్పయిపోయింది సార్. మీకు చెప్పకుండా చేసినా. ఇంట్లో కూడా చెప్పలే."

ఆంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామదాసు మాత్రం శిష్యుని భుజం తట్టి, అడిగుంటే తనే రాసిచ్చేవాడు కదా, ఇంత చాటుగా ఎందుకని మెత్తగా మందలించాడు. తర్వాత చాప మీద కూర్చొని కాగితం తీసుకొని, రిజిస్ట్రారు ముందర చదివే గొంతుతో మొదలుపెట్టాడు.

"'ఎర్రనేల రెండో భాగములో మాకు కావలసినవి. ఒకటి. మొదటి భాగమున నీళ్లు ఉన్నట్లు చూపి, తీరా పోయిన మీదట లేకపోయినవి. కనుక రెండో భాగమున నీళ్లు తప్పక ఉండవలెను.'"

"బోరున్న దిక్కు వానికే రాయి," అన్నాడు కొండప్ప.

"'రెండు. మొదటి భాగమున హద్దు దాటి అడుగు పెట్టనీయలేదు. రెండో భాగమున నలుదిక్కులా తిరుగు హక్కు ఉండవలెను. మూడు. మొదటి భాగమున మా వెంట నుండు ముసలాయన ఊరక సలహాలు చెప్పుట తప్ప ఏ పనియు చేయడు. పైపెచ్చు గడపకు అడ్డముగా నిలబడును. రెండో భాగమున సదరు ముసలాయన ఉండరాదు.'"

తిప్పేష్‌కు అప్పుడు వెలిగింది. అది కాదు సార్ అని నోరు తెరిచాడో లేదో, దస్తావేజు చదివేటప్పుడు మధ్యలో అడ్డం రాకూడదన్న నియమం నీకు తెలీదా అని రామదాసు కసిరాడు. ఆ నియమం తిప్పేష్‌కు తెలుసు. నోరు మూసుకున్నాడు. కొండప్ప కళ్లద్దాలు తీసి తుండుతో తుడుస్తున్నాడు. అద్దాల మీద మాత్రం దుమ్మేమీ లేదు. తిప్పేష్‌కు ఆరేళ్లప్పుడు టైఫాయిడ్ వస్తే అనంతపురం ఆసుపత్రిలో పదకొండు రోజులు మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషి ఆయన. అన్నం తినమని, ఎండలో తిరగొద్దని, స్కూటరు మెల్లగా నడపమని చెప్పేది కూడా ఆయనే. సలహాలంటే అవే.

"ఉండకూడదన్నాడు, ఉండను. ఆ గుట్ట దిక్కు నేల చెక్క ఒకటి నాకు రాసియ్యి రామదాసూ, ఆడ గుడిసె వేసుకుంటా," అన్నాడు కొండప్ప.

రామదాసు ఎంత సానుభూతి ఉన్నా చదవడం ఆపే రకం కాదు. నాలుగో షరతు ఎత్తుకున్నాడు. పెళ్లి చేసుకొనుటకు మొదటి భాగమున ఒక్కతే ఉన్నదనీ, ఆమె ఏమడిగినా నాలుగే జవాబులు చెప్పుననీ, రెండో భాగమున కనీసం ఐదుగురైనా ఉండవలెననీ అందులో ఉంది. జయంతి వంటింటి గడప మీద నుంచి మొగుణ్ణి ఒక చూపు చూసింది. పొద్దుటి నుంచి తనకు దొరికిన జవాబులు నాలుగే ఎందుకయ్యాయో తిప్పేష్‌కు అప్పుడు తెలిసొచ్చింది. ఐదో షరతు ఎవరికీ చెవికెక్కలేదు. ఆరో దానికి వచ్చేసరికి రామదాసే ఆగిపోయాడు. మనసులో ఒకసారి చదువుకొని, తర్వాత పైకి చదివాడు.

"'ఆరు. మొదటి భాగమున చనిపోయినవారు మరల మొదటి నుండి రావలసి ఉన్నది. రెండో భాగమున చనిపోయిన చోటి నుండియే లేచి వచ్చు హక్కు ఉండవలెను.'" కాగితం దించి శిష్యుని వైపు చూశాడు. "ఇది రిజిస్టరు కాదప్పా."

చదవడం ఆగింది కాబట్టి తిప్పేష్ నోరు తెరిచాడు. అది చేను కాదని, ఆట అని, ఆ ముసలాయన వేరే గ్రహంలో ఉంటాడని, ఆ పెళ్లికూతురు బొమ్మ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. చేసిన పని కప్పిపుచ్చుకోవడానికి మనిషి వేరే గ్రహం దాకా పోవడం రామదాసు కూడా తన సర్వీసులో చూడలేదట. ఇంక లాభం లేదని తిప్పేష్ లోపలికి పరుగెత్తి లాప్‌టాప్ తెచ్చి, శెనక్కాయల మూట మీద పెట్టి మొదటి భాగం తెరిచాడు.

ఎర్రమట్టి కనబడింది. గుట్టలు కనబడ్డాయి. ఇది మన గుత్తికి పోయే దావ కదా అంది పెద్దమ్మ. గడ్డం పెంచిన ఒక ముసలాయన వచ్చి తెరకు అడ్డంగా నిలబడి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు. తిప్పేష్ అలవాటుగా మీట నొక్కి ఆయన్ను దాటేశాడు. ఆడేవాళ్లంతా చేసే పనే అది.

"యాడికి పోతాండావు? ఆయన ఏం చెప్పినాడో చెప్పు," అన్నాడు కొండప్ప.

తిప్పేష్ వెనక్కి పోయి విని తెలుగులో చెప్పాల్సి వచ్చింది. ఆ దిక్కు పోవద్దు, నీళ్లు లేవు అంటున్నాడు. ఇదంతా ఊరికే చెప్పేదే అని తిప్పేష్ ఆ దిక్కే పోయి దప్పికకు చచ్చాడు. రెండోసారి గాలిదుమారం వస్తుంది, ఆగు అన్నాడు ముసలాయన. ఆగకుండా పోయి చచ్చాడు. మూడోసారీ చచ్చేసరికి కొండప్ప చాప మీద నుంచి జరిగి జరిగి లాప్‌టాప్ ముందుకు చేరాడు.

"వాడు సక్కంగా చెప్తాండాడు. నువ్వు వినకుండా పోయి సచ్చి, పైన వానికి పని లేదంటావా? ఈ తూరి కడదాకా విను."

విన్నాడు. ముసలాయన మాటలు మధ్యలో దాటేయకుండా తిప్పేష్ కడదాకా వినడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. గుట్ట వెనకమాల కూలిన గోడ ఉందని, దాని పక్కన బండ తీస్తే పాతబావి ఉందని చెప్పాడాయన. పోయి చూస్తే ఉంది. బావి నిండా నీళ్లున్నాయి. తిప్పేష్ నోరు వెళ్లబెట్టాడు. ఆడేవాళ్లంతా మొదటి భాగంలో నీళ్లు లేవని ఎనిమిదేళ్లుగా గోల పెడుతుంటే, నీళ్లున్నది ఈ ముసలాయన మాటల చివర. అరుగు మీద అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాడు తిమ్మన్న.

ఇంకో గంటన్నర ఆడించాడు కొండప్ప. ఆ తర్వాతే తిప్పేష్ ఉత్తరం తీసుకొని ఒకటో షరతు కొట్టేశాడు. మూడో షరతును రెండు గీతలు గీసి కొట్టేశాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నువ్వు లేని భాగం నాకొద్దు పెదనాయనా."

"ఐదు అయితాంది, పంపుపో," అన్నాడు కొండప్ప మొహం అవతలికి తిప్పుకొని. జయంతి వచ్చి పెన్ను లాక్కొని నాలుగో షరతును తనే కొట్టేసింది. ఐదుకు పది నిమిషాలుండగా ఆ కాగితం ఫొటో కంపెనీకి వెళ్లిపోయింది. తిమ్మన్న అన్న కాళ్ల దగ్గర కూర్చొని, కొత్త బోరు నువ్వు చెప్పిన చోటే వేయాల్సింది అని ఎనిమిదేళ్ల మాట ఒకటి ఒప్పుకున్నాడు. మగవాళ్లందరి కళ్లూ తడిశాయి. ఇల్లు నిలబడింది, పంపకం తప్పింది. మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ల మీదే ఉన్న రామదాసు సంతోషంగా సంచి సర్దుకోబోయాడు.

"ఉండన్నా," అంది లక్ష్మీదేవి. ముప్పై ఏళ్లలో ఇంటి వ్యవహారాల్లో మగవాళ్ల మధ్య ఆమె నోరు తెరిచింది లేదు. "వచ్చినోనివి వచ్చినావు, కాగితాలు గూడా తెచ్చినావు. చేను పంచొద్దు. పొయ్యి పంచు."

కొండప్ప అదిరిపడ్డాడు. పెద్దమ్మ మాత్రం తొణక్కుండా చెప్పుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో కూర ఎవరు వండినా కారం ఆంజినమ్మ చెప్పినంతే పడుతుందని, తన కడుపు ఆ కారానికి ఎప్పుడో చెడిపోయిందని అంది. ఆంజినమ్మ ఏడుస్తుందేమోనని అందరూ ఆమె వైపు చూశారు. ఆంజినమ్మ ముఖంలో మబ్బు విడినట్టయింది. ఆమె చెప్పినట్టు కాసే చప్పిడి పులుసు తినలేక నేనూ చస్తాండా, రాసియ్యి అన్నా, అంది. ఇద్దరూ ఒక మాట మీద నిలబడేసరికి రామదాసు సంచిలోంచి కాగితం తీశాడు. ఏ గిన్నె ఎవరిది, రోలు ఎవరిది, పాత పొయ్యి ఎవరికి, కొత్తది యాడ వేయాలి, అంతా పావుగంటలో తేలిపోయింది. చిన్న తగువు కూడా లేదు. ఇంత సాఫీగా జరిగిన పంపకం తన సర్వీసులో లేదని రామదాసు ఒప్పుకున్నాడు.

కోడికూర కూడా సగం సగం పంచుకొని, అప్పటికప్పుడు మూడు రాళ్లు పెట్టిన కొత్త పొయ్యి మీద ఒకరు, పాత పొయ్యి మీద ఒకరు వండారు. వండి, ఇద్దరూ ఒకేసారి వచ్చి, ముందు మా దగ్గర తినాలన్నా అని రామదాసును పిలిచారు. ఆయన కొత్త పొయ్యి వైపు చూశాడు, పాత పొయ్యి వైపు చూశాడు, తనకు ఆదివారం ఒక్కపొద్దని చెప్పి స్కూటరెక్కాడు.