రాజుగారి హెడ్‌సెట్టు, పోచయ్య చెవులు

2001వ సంవత్సరంలో పాశమైలారంలోని శ్రీ కనకవల్లీ ప్రెస్సింగ్స్ యాజమాన్యం, కార్మికుల హర్షధ్వానాల మధ్య ప్రకటించినదేమనగా: మేనేజింగ్ డైరెక్టర్ నరసరాజు గారు యాభై రెండో ఏట విమానం నడపడం నేర్చుకుంటున్నారు. ఇనుప రేకులను అచ్చుల్లో గుద్దే ప్రెస్ షాపులో హర్షధ్వానాలు వినిపించలేదు. అక్కడ ఏదీ వినిపించదు. అందుకని వాటిని నోటీసులోనే రాసి అంటించారు.

రెండు సీట్ల చిన్న విమానం అది. మోకాళ్లకు మూరెడు దూరంలో పిస్టన్ ఇంజను గంటసేపు ఆగకుండా రొద పెడుతుంది. మొదటి పాఠం ముగించి దిగిన రాజుగారికి చెవుల్లో గుయ్యిమంది. మూడు రోజులు మంచం దిగలేదు. చెవుల డాక్టరు ఇంటికే వచ్చి చూసి వెళ్లాడు. నాలుగో రోజు వారు అత్యవసర సమావేశం పెట్టి గద్గద స్వరంతో అన్నారు:

“శబ్దం మానవజాతికి శత్రువండీ. ఒక్క గంట భరించాను. ఒకే ఒక్క గంట! మనిషన్నవాడు తట్టుకునేది కాదది.”

సమావేశంలో ఉన్నవాళ్లంతా మనుషులే కాబట్టి కదిలిపోయారు. రొద తగ్గించే హెడ్‌సెట్టు ఎంపికకు అక్కడికక్కడే కమిటీ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు కొనుగోళ్ల మేనేజరు కామేశ్వరరావు. అప్పటిదాకా ఇనుప రేకులు, గ్రీజు, టీపొడి మాత్రమే కొన్న ఆయన వారం తిరగకుండా విమానశాస్త్రంలో పండితుడయ్యాడు.

పరీక్షకు మూడు హెడ్‌సెట్లు వచ్చాయి. మొదటిది మందపాటి స్పాంజి దిమ్మలతో చెవుల్ని రెండు పక్కలా అదిమి పట్టేది. రెండోది మెత్తనిది, తేలికైనది. కానీ కళ్లజోడు కాడ వల్ల ఏర్పడే సందులోంచి రొద లోపలికి దూరుతుందని కరపత్రంలోనే ఒప్పుకున్నారు. మూడోది బ్యాటరీలది. బయటి రొదను తానే విని, దానికి సరిగ్గా ఎదురు రొద పుట్టించి, రెంటినీ ఒకదానితో ఒకటి చంపిస్తుంది. ఇంజను బొంగురు మోతకు ఇదే మందని కామేశ్వరరావు తేల్చాడు. అయినా పరీక్ష పరీక్షే. హెడ్‌సెట్టు ఏదో తేలేదాకా విమానం ఎక్కనని రాజుగారు భీష్మించారు గనక అంత మోత నేలమీదే వెతకాల్సి వచ్చింది.

శబ్దం కొలిచే మీటరు తెచ్చి ఫ్యాక్టరీ అంతా తిప్పారు. కరపత్రం ప్రకారం విమానంలో తొంభై అయిదు డెసిబెల్లు. ప్రెస్ షాపులో నూట మూడు. కమిటీ సభ్యులు ఒకరికొకరు కరచాలనం చేసుకున్నారు. “విమానాన్ని మించిన సదుపాయం మన సంస్థలోనే ఉన్నందుకు కమిటీ హర్షం వ్యక్తం చేయడమైనది” అని రాసుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని బయటికి పరుగెత్తారు.

లోపల నిలబడి పరీక్షించడానికి మనిషి కావాలి. నాలుగో నంబరు ప్రెస్సు మీద పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న కర్దనూర్ పోచయ్యను ఎంపిక చేశారు. పోచయ్య నెమ్మదైన మనిషి. అతనికీ భార్య బక్కమ్మకూ ఎన్నడూ మాట పట్టింపు రాలేదు. అయినా వాళ్లు రోజూ పోట్లాడుకుంటారని వాడకట్టంతా అనుకునేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే నాలుగిళ్లకు వినిపించేది. చెవుల్లోకి ఏమైనా ఇప్పించమని కార్మికులు పెట్టుకున్న అర్జీ పరిశీలనలో ఉంది. ఈలోగా దవాఖానా డబ్బాలోంచి ఒకసారి దూది కూడా ఇచ్చారు.

మొదటి హెడ్‌సెట్టు పెట్టగానే పోచయ్య “తలకాయ పట్టేసింది సార్” అన్నాడు. రెండోదానికి, రాజుగారికి కళ్లజోడుంది కాబట్టి, కామేశ్వరరావు తన జోడు తీసి అతనికి తగిలించాడు. ప్రెస్సు కనిపించడం మానేసింది, వినిపించడం మానలేదు.

మూడోది పెట్టి బటన్ నొక్కారు. ప్రెస్సు ఆగిపోయిందనుకుని పోచయ్య ఉలిక్కిపడ్డాడు. చూస్తే పైకీ కిందికీ ఆడుతూనే ఉంది. షెడ్డు పక్కనున్న అద్దాల గదిలోంచి కామేశ్వరరావు మైకులో పలికాడు:

“పోచయ్యా, వినబడుతోందా?”

పోచయ్య చుట్టూ చూశాడు. పంతొమ్మిదేళ్లలో ఆ షెడ్డులో అతన్ని పేరుతో పిలిచినవాడు లేడు. చొక్కా పట్టి లాగేవారు, లేకపోతే రేకుముక్క విసిరేవారు.

“ఎవలు సార్, నన్ను పిలిచింది?”

“నేనేనయ్యా.”

“జెర ఇంకోపారి పిలువుండ్రి సార్.”

కామేశ్వరరావు ఎందుకో కాదనలేక మళ్లీ పిలిచాడు. పోచయ్య కళ్లు తుడుచుకుని, నిజాయితీపరుడు గనక ఉన్నది చెప్పాడు:

“మంచిగున్నది సార్. కని లోపట గుయ్యిమంటున్నది. బటన్ ఒత్తినా బంద్ అయితలేదు.”

కమిటీ ఆగ్రహించింది. సరుకులో లోపముందని అమ్మినవాళ్లకు నోటీసు వెళ్లింది. రెండో రోజుకల్లా బొంబాయి నుంచి ఇంజనీరు దిగి, తాను పెట్టుకుని చూశాడు. చప్పుడు లేదు. పోచయ్యను అద్దాల గదిలోకి పిలిపించి, తల మీదినుంచి హెడ్‌సెట్టు తీసేసి ఇప్పుడెలా ఉందని అడిగించాడు. “ఇప్పుడు గూడ గుయ్యిమంటున్నది” అన్నాడు పోచయ్య. చప్పుడు యంత్రంలో లేదు, మనిషిలో ఉందని ఇంజనీరు రాసిచ్చాడు. యంత్రం నిర్దోషిగా తేలినందుకు కమిటీ ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు పోచయ్యకు మెమో అందింది: పాడైన చెవులతో పరీక్షకు హాజరై, సంస్థను తప్పుదోవ పట్టించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. రాయడం రాని పోచయ్య తానే వచ్చి కమిటీ ముందు నిలబడ్డాడు. అతని గొంతు ఎప్పుడూ పెద్దదే. ఆ రోజు దాన్ని తగ్గించాలని కూడా అనిపించలేదు.

“నా చెవులు ఇంటికాడ పోలే సార్. గీడనే పోయినయ్. గీడనే ఎతికి ఇయ్యుండ్రి.”

కమిటీ ఈ ఫిర్యాదును ఎంతో శ్రద్ధగా విచారించింది. గేటు రిజిస్టర్లు తిరగేశారు. పోచయ్య తెచ్చిన సైకిలు, టిఫిను డబ్బా, గొడుగు అన్నింటికీ నమోదు ఉంది. చెవులతో లోపలికి వచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆధారం లేనందున ఫిర్యాదు కొట్టివేయబడింది. అంత మోతలో నిలబడితే ఉన్న వినికిడీ పోతుందన్న మానవతా దృష్టితో ఉద్యోగం నుంచి కూడా తప్పించారు.

“ఏమన్నరు?” అని ఇంటిదగ్గర బక్కమ్మ అరిచింది.

“ఇగ రావొద్దన్నరు” అన్నాడు. చెప్పులు విడుస్తూ, “మొన్న రెండుపార్లు నా పేరు వినొచ్చిందే” అన్నాడు. బక్కమ్మ దగ్గరికి జరిగి, అతని చెవిలో నోరుపెట్టి, పెళ్లయినాక మొదటిసారి మొగుణ్ణి పేరుపెట్టి పిలిచింది. వాడకట్టంతా విని నవ్వింది. పోచయ్యకు మాత్రం గుయ్యిమనడమే వినిపించింది. వినిపించినట్టు తలూపాడు.

రాజుగారు మూడో హెడ్‌సెట్టుతో దిగ్విజయంగా ఎగిరారు. భద్రతా వారోత్సవాల్లో దండలు వేయించుకుని సెలవిచ్చారు: “మన ఫ్యాక్టరీని ఆకాశం నుంచి చూశానండీ. ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు! ఒక్క చప్పుడు లేదు!”

నాలుగో నంబరు ప్రెస్సు ఖాళీగా ఉంచలేరు కదా. చెవులు బాగా వినిపించేవారు మాత్రమే రావలెనని గేటుకు కాగితం అంటించారు. తెల్లారేసరికి అరవై మంది వరుసకట్టారు. కామేశ్వరరావు చేతిగడియారాన్ని ఒక్కొక్కరి చెవి దగ్గర పెట్టి, దూరం జరుపుతూ పరీక్షించి, అందరికన్నా ఎక్కువ దూరం నుంచి విన్నవాణ్ణి తీసుకున్నాడు. అతను ఒక సిఫార్సు ఉత్తరం కూడా పట్టుకొచ్చాడు. “మనిషి బుద్ధిమంతుడు, ఏం చెప్పినా వింటాడు” అని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. కింద సంతకం, ఇది చదువుతున్న మహాశయా, మీదే.