సగం ట్యాంకు, మూడు కిలోమీటర్లు

ముందుగాల ఒక తప్పు ఒప్పుకుంట. మా బాపు స్కూటర్ రోజూ నడిరోడ్డు మీద ఎందుకు ఆగుతదో నాకు నిరుటి నుంచే తెలుసు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. రిపేరుకు పట్టేది రెండు నిమిషాలు. అయినా బండి ఇయ్యాల పొద్దున గూడ ఆగింది. రేపు గూడ ఆగుతది.

ఎందుకంటరా? ఆగే బండి అదృష్టం కాబట్టి! ఒక్క కిక్కుకే స్టార్ట్ అయ్యే బండి ఉన్నోళ్లను చూస్తే నాకు జాలి. నవ్వకండి, ప్రూఫులున్నయ్.

మీకు సెల్ఫ్ స్టార్ట్ బండి ఉందనుకోండి. బటన్ నొక్కుతరు, బుర్రుమని పోతరు. దారి పొడుగునా "ఏమైంది బిడ్డా?" అని ఒక్కలన్న అడిగిన్రా? ఫేస్‌బుక్‌ల మీకు ఐదొందల మంది ఫ్రెండ్స్ ఉంటరు. బండి నూకే టైముకు వాళ్లల్ల ఎంతమంది ఆన్‌లైన్ ఉంటరు? అదే మా స్కూటర్ ఆగిందంటే మూడు నిమిషాలల్ల నలుగురు జమైతరు. అందరూ లైకే కొడతరు, అందరూ కామెంటే పెడతరు!

ఆరోగ్యం సంగతి చెప్పాల్నా? మా బాపు మొగులయ్యకు అరవై రెండేండ్లు. జిమ్ముకు పోయిన మనిషి కాదు. కానీ ఆయన కుడికాలు పిక్క చూడండి, ఫుట్‌బాల్ ప్లేయర్‌ది. ఎడమకాలు మాత్రం మామూలు రైతుదే.

మాది తొండుపల్లి. స్కూటర్ 1989 మోడల్, నాకన్న ఏడాది పెద్దది. అందుకే ఇంట్ల దానికే మర్యాద ఎక్కువ. రోజూ పొద్దున ఏడున్నరకు బాపు నన్ను దాని మీద శంషాబాద్ బస్టాపుకు తీస్కపోతడు. ఎనిమిదింటికి కొత్తూరు పోయే మా కంపెనీ బస్సు వస్తది. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు పోయినంక, ఎయిర్‌పోర్టు గోడ పక్కన, స్కూటర్ ఒకసారి దగ్గుతది, ఒకసారి తుమ్ముతది, ఆగిపోతది. రోజూ అక్కడ్నే!

ఇగ అప్పుడు మొదలైతది వైద్యం.

ముందు బాలమల్లన్న వస్తడు. ముప్పై ఏండ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. సీటు లేపుతడు, ట్యాంకు మూత తీస్తడు, ఒక కన్ను మూసి రెండో కన్నుతోటి లోపటికి చూస్తడు. బండిని అటూ ఇటూ ఊపి చెవి పెడతడు. "పెట్రోలైతే ఉంది," అని తీర్పు చెప్తడు. మూత పెట్టి, స్కూటర్‌ను ఎడమకు పండబెడతడు. పది అంకెలు లెక్కబెట్టి లేపుతడు. బాపు కిక్కు కొడతడు. స్టార్ట్!

"చూసినవా మొగులన్నా? కచరా అడ్డం పడ్డది. నా ఎక్స్‌పీరియన్స్ ముంగట మెకానిక్ ఏం పనికొస్తడు?"

మర్నాడు ఆయన లేడు. పెరుగు గంప దించి అనంతమ్మ వచ్చింది. ఆమె గూడ మూత తీసింది, వాసన చూసింది. "పెట్రోల్ల గ్యాసునూనె కలిపిన్రు దొంగ ముండాకొడుకులు," అన్నది. మూత పెట్టి, "అయినా గది కాదు మొగులన్నా, దిష్టి. గీ వాడకట్టుల గింత పాత బండి ఎవలికుంది?" అని మూడు మిరపకాయలు తిప్పి రోడ్డు మీద పడేసింది. కిక్కు. స్టార్ట్!

ఇంకో రోజు ఒక క్యాబ్ డ్రైవరన్న ఆపిండు. మూత తీసిండు, కొత్త ఫోన్‌తోటి లోపట ఫొటో తీసిండు, ఏదో గ్రూపుల పెట్టిండు. జవాబు రాకముందే బండి స్టార్ట్ అయింది. ఇంటర్నెట్ మహిమ అని చెప్పి పోయిండు.

మీకేమన్న అర్థమైందా? మందులు వేరే వేరే. కానీ అందరూ ముందు చేసే పని ఒక్కటే. మూత తీసుడు!

కిరాణం కొట్టుల నూనె డబ్బకు రెండు బెజ్జాలు ఎందుకు కొడతరు? ఒక దాంట్ల నుంచి నూనె బయటికి రావాల్నంటే రెండో దాంట్ల నుంచి గాలి లోపటికి పోవాలె. స్కూటర్ ట్యాంకు గూడ అంతే. మూతకు సూదిమొనంత బెజ్జం ఉంటది. అది మూసుకుంటే ట్యాంకుల వాక్యూమ్ అయితది, పెట్రోల్ కిందికి దిగదు. మూత తీయంగనే సుయ్‌మని గాలి పోతది, అంతా మామూలైతది. అక్కడి నుంచి బస్టాప్ రెండు కిలోమీటర్లే, కాబట్టి మళ్ల ఆగదు. మిరపకాయలకు పేరొస్తది.

ఒక్కసారి నోరు తెరిచిన.

"బాలమల్లన్నా, మూత బెజ్జం మూసుకుంది. లోపట వాక్యూమ్ అయితుంది."

"నువ్వేం చదివినవ్ బిడ్డా?"

"మెకానికల్."

"మంచిగ చదివినవ్. జర పక్కకు జరుగు, బట్టలకు మరకలైతయ్."

ఎంసెట్ రాసి, నాలుగేండ్లు ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివి నేను నేర్చుకున్నది ఏందంటే, జర పక్కకు జరుగుడు.

నాకేం, జరుగుత. కానీ కంపెనీ బస్సు జరుగదు కద! జులైల రెండుసార్లు తప్పిపోయింది. హెచ్ఆర్ సార్ పిలిచిండు. "మూడోసారి లేటైతే మీ ప్రొబేషన్ ఇంకో ఆరునెలలు పొడిగిస్తాం. అసలు ప్రాబ్లం ఏంటి?"

"బండిల పెట్రోల్ దిగుతలేదు సార్."

మా కంపెనీల తయారుచేసేది ఏందో తెలుసా? ట్రాక్టర్లకు ఫ్యూయల్ ఫిల్టర్లు!

ఆ ఆదివారం బాపు బయటికి పోంగనే నేను మూత తీసిన. లోపల్దిక్కు, గుండ్రంగ కత్తిరించిన పాల ప్యాకెట్ కవరు. "వాన నీళ్లు దిగకుండ పెట్టిన," అని బాపు ఎన్నడో చెప్పింది గుర్తొచ్చింది. తీసి పడేసిన. రెండు నిమిషాలు గూడ పట్టలే.

సోమవారం స్కూటర్ ఆగలే! దగ్గలే, తుమ్మలే. బస్టాపుకు పావుగంట ముందే చేరిన. ఇంజనీరింగ్ గెలిచింది!

బాపు మాత్రం ఆ గోడ కాడ బండి స్లో చేసిండు, మెడ తిప్పిండు. వెంటనే విజిల్. అక్కడ డ్యూటీల ఉండే గార్డు హరిప్రసాద్. కోస్తా దిక్కు మనిషి, విజిల్ గూడ మర్యాదగనే ఊదుతడు. "ఇక్కడ ఆపకూడదండీ! ముందుకి వెళ్ళండి!"

మంగళవారం గూడ గంతే. బుధవారం బాపు చాయ సగమే తాగిండు. రాత్రి టీవీ వార్తలతోటి రోజూ పెట్టుకునే కొట్లాట గూడ పెట్టుకోలే.

గురువారం బండి ఆగింది. అక్కడ్నే!

మూత తీసిన. కొత్త పాల ప్యాకెట్. ఈసారి కత్తెర తోటి ఇంకా సాఫ్ కత్తిరించిండు.

"వాన నీళ్లు..." అన్నడు బాపు, నా దిక్కు చూడకుండ. వానపడి పదిహేను రోజులైంది.

అప్పుడు నా నాలుగేండ్ల చదువు ఒక్కసారి లేచి కూసుంది. మా బాపు ట్యాంకు ఫుల్ చేయించడు. ఎప్పుడూ సగమే. ఫుల్ ఉంటే పైన గాలి తక్కువ, కిలోమీటర్‌కే ఆగుతది. సగముంటే మూడు కిలోమీటర్లు. తక్కువుంటే శంషాబాద్ దాకా పోతది. తిరిగొచ్చేటప్పుడు ఒక్కనాడు గూడ ఆగదు, మూత సగమే తిప్పి పెడతడు గద! ఏడో క్లాసు చదివిన మనిషి. ఏ ఫార్ములా లేకుండ ఒక బండిని ఆగాల్సిన చోట ఆగేటట్టు తయారుచేసిండు.

మరి అక్కడ్నే ఎందుకు? గోడ అంత పొడుగునా ఇద్దరు మనుషులెత్తు. వాన నీళ్ల మోరీ దాటే ఒక్క కాడ మాత్రం గోడకు బదులు ఇనుప జాలి. అండ్లకెళ్లి చూస్తే వరుసగ లైట్లు, కోసిన గడ్డి.

"గో, గా మూడో లైటు కాడ మన బాయి," అన్నడు బాపు. "గడ్డి మిషన్ తిరుగుతుంది సూడు, గది జొన్న చేను. గీడికెళ్లి గాడి దాక మీ తాత ఒక్క చాలు వంకర కొట్టలే."

అక్కడ ఊకె నిలబడితే విజిల్. కూసుంటే విజిల్. ఒకసారి బాపు టిఫిన్ డబ్బ పట్టుకొని పోయిండట, దానికీ విజిల్! అదే చెడిపోయిన బండి తోటి నిలబడితే? హరిప్రసాదే మంచినీళ్ల బాటిల్ తెచ్చిస్తడు.

"బండి పాడైతే ఎవరేం చేస్తారండీ? ఎంతసేపు పడుతుందంటారు?"

"పది నిమిషాలు సారూ."

"ప్లగ్గేమో చూసుకోండి మరి."

ఇప్పుడు చెప్పండి. గోడకు అవతల దిక్కు పోవాల్నంటే పాస్‌పోర్టు, వీసా, బోర్డింగ్ పాసు కావాలె. ఇవతల దిక్కు నిలబడి నలభై ఏండ్లు దున్నిన చేను చూడాల్నంటే పాల ప్యాకెట్ ముక్క చాలు. ఎంత సులువు! మనిషికి లేని హక్కు మా స్కూటర్‌కు ఉంది. అది చెడిపోయినంత కాలం ఉంటది. గింత దయగల రూలు ఇంకేడన్న ఉందా?

ఇగ నా తప్పుల రెండో సగం గూడ ఒప్పుకుంట. పాల కవరు పెట్రోల్ల నాని నెలకే చినుగుతది. పోయిన నెల గట్లనే చినిగి, బండి ఆ ఇనుప జాలి దాటి సక్కగ పోయింది. బాపు మెడ ఒక్కటే వెనక్కి తిరిగి ఉంది. మర్నాడు నేను కంపెనీ స్క్రాపుల నుంచి రబ్బరు ముక్క తెచ్చి, వెర్నియర్‌తోటి కొలిచి, గుండ్రంగ కోసి మూతల బిగించిన. నా బీటెక్ ప్రాజెక్టు ఒక్కనాడు పనిచేయలే. ఇది ఒక్కనాడు ఫెయిల్ కాలే. మేం ఇప్పుడు ఏడున్నరకు కాదు, ఏడుంబావుకే బయలెల్లుతున్నం. బస్సు తప్పలే, నౌకరి పర్మనెంట్ అయింది.

మొన్న బాపు మూత తీసి చూసిండు.

"ఈ పాల ప్యాకెట్ నల్లగుందేంది బిడ్డా?"

"బర్రె పాలు కావచ్చు బాపూ."

మూత పెట్టి, గట్టిగ బిగించిండు.

ఇగ మీ వంతు. మీ బండి ఏడ ఆగుతది? ఏ గోడ పక్కన? ఎంతసేపు? సిగ్గుపడకుండ రాసి పంపండి. రిపేరు ఎట్ల చేయాల్నో మాత్రం రాయకండి. అది మా ఇంట్ల ఇద్దరికీ తెలుసు.