చేత్తో దించిన విమానం

ఆ పొద్దున లేవి అనుకున్నది ఒక్కటే. కడపలో విమానమెక్కాలి, హైదరాబాదులో కొడుకు చేతి మీద దిగాలి. నిజానికి ఎక్కాల్సింది అతని పెళ్లాం రాహేలమ్మ. కిందటి నెల కన్ను మూసేముందు, "వాడు తోలేదాంట్లో నువ్వన్నా కూర్చో" అని చెప్పి పోయింది.

ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలి తోలి ముసలివాడైన లేవి రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. కొడుకు యేసుప్రసాద్ కో-పైలట్టు. పైకి లేచాక చాలాసేపు మిషనే నడుపుతుందని, చేతులు ఊరికే ఉంటాయని వాడు చెప్పినప్పటి నుంచి లేవికి దిగులు. కొన్నాళ్లు ముట్టకపోతే లారీయే చేతికి కొత్తదవుతుంది.

"నేనెక్కిన పొద్దు మిషను తీసేసి నువ్వే దించురా. మీయమ్మ ఆశ అదే" అన్నాడు.

చేయి మరవకుండా పైలట్లు అప్పుడప్పుడు అట్లా నడుపుకోవడం మామూలే. కెప్టెన్ చంద్ర సరేనన్నాడు. మర్నాటి నుంచి యేసుప్రసాద్‌కు ఎక్కడో అస్సాం వైపు డ్యూటీ. ఈ పొద్దు తప్పితే ఇక కుదరదు.

విమానం లేచింది. పక్క సీటులోని సిమెంటు డీలరు ఓబుళేశు పలకరించాడు.

"ఏమప్పా, భయమైతాందా?"

"భయమెందుకు? ఈపొద్దు నా కొడుకు చేత్తో దించుతాడు."

"మరి రోజూ?"

"శానా మటుకు మిషనే. చేయి మరిచిపోతాడని నేనే చేపిస్తాండా."

ఓబుళేశు బెల్టు బిగించి, వెనక్కి తిరిగి, "మిషను తీసేస్తారంట" అన్నాడు. వెనక సీటు కృష్ణవేణమ్మ ఆ మాటను "మిషను చెడిపోయిందంట" అని తన వెనక్కి అందించింది. తోకదాకా పోయేసరికి, ఎవడో కొత్త పిల్లోడు నేర్చుకుంటున్నాడని తేలింది. "మల్లన్నా, దించు సామీ! మా ఆయనకు గుండు కొట్టిస్తా!" అని కృష్ణవేణమ్మ, శ్రీశైలం ఏ దిక్కో తెలియక నాలుగు దిక్కులకూ మొక్కింది.

జనాన్ని సముదాయిద్దామని లేవి లేచాడు. అంతమంది ముందు నోరు తెరవడం జన్మలో అదే మొదలు.

"భయపడాకండప్పా! మావోనికి లైసెన్సుండాది. లారీ నేర్చుకునేటప్పుడు గూడా రెండుసార్లు గుంతలో దించినాడు, ఎవురికీ ఏం కాలే!"

విమానమంతా భయంతో గొల్లుమంది. ఎయిర్‌హోస్టెస్ అందరినీ కూర్చోబెట్టి, ముందుకు పరుగెత్తి, ఫోనులో పైలట్లకు సంగతి చెప్పింది.

హైదరాబాదులో చక్రాలు నేలను దబ్బున తాకాయి. పళ్లు కదిలాయి.

"నడుం ఇరిగె గదప్పా! ఏం కొడుకును గన్నావు!" అన్నాడు ఓబుళేశు.

దిగేవాళ్లంతా తలా ఒక మాట అని దిగారు. లేవి నొచ్చుకోలేదు. కొత్త చేయి, ఆ మాత్రం కుదుపు ఉంటుంది. కళ్లు తుడుచుకుంటూ, "దిగినా రాహేలూ. నీ కొడుకు చేతి మీదనే దిగినా" అని గొణుక్కున్నాడు.

పైలట్లు ముందు గదిలోంచి బయటికి వచ్చారు. యేసుప్రసాద్ ముఖం వాడిపోయి ఉంది.

"రవ్వంత కుదిపినావులేరా. ఏం గాదు."

"నేను గాదు నాయనా. జనం గలాటా చేస్తాండారని కెప్టెన్ ఈపొద్దు వద్దనె. ఆఖర్న ఆయనే దించినాడు."

లేవి కొడుకు చేతులు రెండూ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నా నోరే చెడగొట్టె గదరా. మీయమ్మకు ఏమని చెప్పేది?"

మొక్కులన్నీ ముగించుకుని ఆఖరున లేచిన కృష్ణవేణమ్మ, దిగుతూ దిగుతూ యేసుప్రసాద్ వీపు తట్టింది.

"ఏడ్వాకు నాయనా. దించంగ దించంగ చేయి అదే కుదురుతాది."

కెప్టెన్ చంద్ర, ఆ మాట తనకు కాదన్నట్టు, టోపీ సర్దుకున్నాడు.