డిసెంబరులో దొరికిన కుర్చీ

ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాది మొత్తంలో డిసెంబరును మించిన నెల లేదని డెన్మార్క్‌లోని హోల్మ్‌స్ట్రప్ పట్టణ ఉపాధి కార్యాలయం అధికారికంగా తేల్చింది. ఆ నెలలో ఉద్యోగం ఇచ్చేవాళ్ళెవరూ సీట్లో ఉండరు కనుక, 'ఇవ్వం' అనేవాళ్ళు కూడా ఉండరని నివేదికలో వివరించారు. (నివేదిక రాసిన అధికారి సెలవులో ఉన్నందున మిగతా వివరాలు తెలియరాలేదు.)

మెరెటె పదిహేడేళ్ళపాటు ఒక తలుపుల కంపెనీకి సరుకు తెప్పించే పని చేసింది. మార్చిలో ఆ కంపెనీ పోలండ్‌కు తరలిపోయింది, మెరెటె తరలలేదు. అప్పటి నుంచి చెప్పులరిగేలా తిరుగుతూనే ఉంది. యాభై నాలుగేళ్ళ మనిషి పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, ఇక వెళ్ళడానికి ఏ చోటూ లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చోవడం ఉంది చూశారూ, అది ఆమెకు నిజంగానే ఏడుపు తెప్పించేది. కూర్చోవడానికి తనదంటూ ఒక కుర్చీ ఉంటే చాలనుకునేది.

ఉపాధి కార్యాలయంలో ఆమె సంగతి చూసేది ప్రేబెన్. ఆయన హోదా పండగవేళ ప్రయత్న నిలకడ పర్యవేక్షకుడు. ఆయన విధించిన నియమం ప్రకారం, ఉద్యోగం కావలసినవాళ్ళు వారం వారం కొత్త పరిచయాలు చూపించాలి. 'నేను సెలవులో ఉన్నాను' అని కంప్యూటరు తనంతట తానే పంపే జవాబు పరిచయం కిందికి రాదు. దాని చివర క్రిస్మస్ శుభాకాంక్షలు కూడా ఉంటే అరపరిచయంగా పరిగణిస్తారు.

"అందరూ సెలవులో ఉంటే మనుషుల్ని ఎక్కణ్ణించి తేను ప్రేబెన్?" అని అడిగింది మెరెటె.

"సెలవులో ఎక్కడున్నారు? పండగ విందుల్లో ఉన్నారు. నువ్వూ వెళ్ళు. పని లేనివాళ్ళకి మన ఆఫీసు కూడా పెడుతోందిగా, శుక్రవారం, రేవు దగ్గర హోటల్లో. ఎర్ర టోపీ మర్చిపోకు, అది తప్పనిసరి."

"పని లేనివాళ్ళ మధ్య కూర్చుంటే నాకు పని ఎవరిస్తారయ్యా?"

"అది జనవరిలో ఆలోచిద్దాంలే."

ఆ శుక్రవారం హోటలు హాల్లో ఐదు విందులు పక్కపక్కనే జరుగుతున్నాయి. అందరి నెత్తిన ఎర్ర టోపీలే. మెరెటె ఖాళీగా కనబడ్డ కుర్చీలో కూర్చుంది. పక్కనున్న గడ్డం ఆయన ఊరవేసిన చేపల పళ్ళెం ఆమె చేతిలో పెట్టి, గ్లాసు నింపి, తన గ్లాసెత్తి కళ్ళలోకి చూస్తూ "స్కోల్" అన్నాడు, చీర్స్ అన్నట్టు. అంతటితో ఆమె కథ ముగిసింది. గ్లాసెత్తిన తర్వాత బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళడం ఆ దేశంలో ఇంచుమించు నేరం. రెండో చేపముక్క తింటుండగా ఆమెకు తెలిసివచ్చింది, అది కిటికీలు చేసే స్టాల్‌గార్డ్ కంపెనీ బల్ల అని.

నువ్వెవరని మాత్రం ఎవరూ అడగలేదు. సాటి ఉద్యోగి ఎవరో తెలియదని ఒప్పుకోవడం కంటే సిగ్గుచేటు ఏముంటుంది? పై అంతస్తువాళ్ళు ఆమెది కింది అంతస్తు అనుకున్నారు. కింది అంతస్తువాళ్ళు పై అంతస్తు అనుకున్నారు.

గడ్డం ఆయన పేరు హెన్నింగ్, గోదాము చూస్తాడు. "మా మడతబందులు హాంబర్గ్ రేవులో పడి ఏడుస్తున్నాయి. ఎవడికి ఫోన్ చేసినా సెలవే. ఇక్కడేమో నా ప్రాణం తోడేస్తున్నారు," అన్నాడు.

"రేవు ఆఫీసుకి చేస్తే ఏం లాభం? లారీలవాళ్ళకి చెయ్యాలి. వాళ్ళకి పండగల్లేవు," అని మెరెటె అక్కడికక్కడే ఫోన్ తీసి మాట్లాడేసింది. బాతుమాంసం బల్ల మీదికి వచ్చేలోగా సరుకు కదిలింది.

"అమ్మా తల్లీ, ఇన్నాళ్ళూ ఏ మూల దాక్కున్నావే?" అన్నాడు హెన్నింగ్.

"ఇంట్లో," అంది మెరెటె. బల్లంతా గొల్లున నవ్వింది.

బల్ల చివర కూర్చుని ఇదంతా చూసిన యజమాని ఆస్గెర్ ఆమెను సోమవారం రమ్మన్నాడు. వెళితే ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, తలుపు తాళం ఇచ్చారు. ఆ వారమే శుక్రవారం రొట్టెల వంతు ఆమెకు వేశారు. పొద్దున్నే అందరికీ వేడివేడి రొట్టెలు తెచ్చే మనిషిని ఉద్యోగి కాదనడానికి డెన్మార్క్‌లో ఏ న్యాయస్థానమూ సాహసించదు.

అయినా మెరెటె మనసు ఊరుకోలేదు. రొట్టెలు పంచి తిన్నగా ఆస్గెర్ గదికి వెళ్ళింది.

"ఆస్గెర్, నేను మీ కంపెనీ మనిషినే కాదు. పొరపాటున మీ బల్ల దగ్గర కూర్చున్నాను."

ఆస్గెర్ రొట్టెకు వెన్న రాసుకుంటూ, "తెలుసు. ఇక్కడ సగంమంది పొరపాటున వచ్చినవాళ్ళే, పనిచేస్తున్నది నువ్వొక్కదానివే. ఉండిపో. కాకపోతే పద్ధతని ఒకటుందిగా, దరఖాస్తు పెట్టు. నియామకాలూ జీతాలూ సోల్వై చూస్తుంది. కానరీ దీవుల్లో ఉంది, జనవరిలో వస్తుంది," అన్నాడు.

మెరెటె తన కుర్చీలో కూర్చుని, తన కుర్చీ కోసం దరఖాస్తు రాసింది. సంగతి విని ప్రేబెన్ పొంగిపోయాడు. ఆ పూటే ఆమె పేరును నిరుద్యోగుల్లోంచి తీసేసి, భృతి ఆపించి, పండగ విందు పథకం దిగ్విజయమని పై అధికారులకు తెలియజేశాడు. (పై అధికారులు సెలవులో ఉన్నామని జవాబిచ్చారు.)

జనవరిలో ఆస్గెర్ మంచు మీద జారడానికి నార్వే వెళ్ళాడు. సోల్వై ఎండకు ఎర్రబడి తిరిగొచ్చింది. నియామకానికి ముందు ఖాళీ ఉందో లేదో విచారించాలన్నది నియమం. ఆమె గోదాముకు ఫోన్ చేసింది.

"ఖాళీయా? ఎక్కడుంది ఖాళీ?" అని అరిచినంత పని చేశాడు హెన్నింగ్. "మెరెటె ఉందిగా! బంగారంలాంటి మనిషి. ఆవిణ్ణి మాత్రం కదపకండి, మీకు పుణ్యముంటుంది."

మధ్యాహ్నం సోల్వై మెరెటెను పిలిపించి, కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించింది.

"నీ దరఖాస్తు చాలా నచ్చింది. చెప్పడానికే బాధగా ఉంది, ఆ చోటు ఖాళీ లేదు. ఎవరో చేస్తున్నారట. చిత్రం, ఆవిడ పేరూ మెరెటేనట."

"ఆ మెరెటె నేనే."

సోల్వై జాలిగా చూసింది. "కాదమ్మా. ఆవిడ ఇక్కడ ఉద్యోగి. నువ్వు ఉద్యోగం కోసం వచ్చినదానివి. ఒకే మనిషి రెండు వైపులా ఉంటే మా కంప్యూటరు ఒప్పుకోదు."

"అయితే ఆవిడకి జీతం ఇస్తున్నారా?"

సోల్వై కంప్యూటరులో కాసేపు వెతికింది. "జీతాల్లో కనబడటం లేదు. సెలవులో ఉందేమో," అంది. తర్వాత మెరెటె చెయ్యి నొక్కింది. "దిగులు పడకు. ఆవిడ మానేసిన మరుక్షణం మొదటి కబురు నీకే."

మెరెటె కృతజ్ఞతలు చెప్పి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, అది ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూడసాగింది.