పుట్టెడు కాయల పేదరాలు

ఒక పెద్ద అడవిలో, ఏటికి అవతలి ఒడ్డున, ఒక బిజినెస్ కాలేజీ ఉండేది. ఇవతలి ఒడ్డు జంతువులకి అదే ఫారిన్.

ఉడుత నాగమల్లికి అందులో సీటొచ్చింది. వాళ్లమ్మ ఈతపళ్లు అమ్ముతుంది. కొనడానికొచ్చే కోతులు శాంపిలు పేరుతో సగం గంప మింగి, మిగతాదానికి బేరమాడతాయి.

"ఆ శాంపిలుకి హద్దెక్కడో చదువుకొచ్చి చెప్తానే అమ్మా!" అంది నాగమల్లి.

ఫీజు పుట్టెడు వేరుశనక్కాయలు. ఇంట్లో ఉన్నవి తొక్కలు.

అప్పుడే కాలేజీ సాయాల అధికారి కొంగ, విద్యామేళా పెట్టడానికి ఇవతలికి ఎగిరొచ్చింది.

"సార్, ఆర్థిక సాయం ఎవరికిస్తారు?"

"లేనివాళ్లకి."

"నేను లేనిదాన్నే!"

"శుభం. ఏరు దాటొచ్చి అప్లై చెయ్యి."

ఏరు దాటించేది మొసలి. "ఫీజంతా ఉందని చూపించు, వీపెక్కు," అంది.

"అంత ఉంటే సాయం ఎందుకడుగుతాను మావా? ఉందంటేనే నువ్వు రానిస్తావు, లేదంటేనే ఆయన ఇస్తాడు. నేను ఏ కంటితో నవ్వి ఏ కంటితో ఏడవాలి?"

"ఏడుపు అవతలి ఒడ్డు డిపార్ట్‌మెంటు. నాది ఇవతలి ఒడ్డు."

ఈ మాటలు విన్న పందికొక్కు పానకాలు మీసం తిప్పుతూ వచ్చాడు. ఆయనది ఫారిన్ చదువుల కన్సల్టెన్సీ.

"చూపించడానికే కదమ్మా? నా పుట్టెడు కాయల కుప్ప ఒక పూట అద్దెకిస్తా. బదులుగా మీ అమ్మ ఈతపళ్లు, ఏడాది కాపు."

ఏడాది కాపు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. కానీ రేపటితో ఫీజు గడువు ముగిసి సీటు పోతుంది.

"సరే బాబాయ్. కుప్ప నాదేనని నలుగురిలో చెప్తారా?"

"ఓస్! ఒట్టేసి చెప్తా. అదే కదా నా వృత్తి!"

మర్నాడు ఒడ్డున కుప్ప పోశారు. పానకాలు గొంతు సవరించుకున్నాడు. "ఇదంతా ఈ పిల్లదే. ఒక్క కాయైనా నాది కాదు, నా మీసాల మీద ఒట్టు!"

"దాటొచ్చు," అంది మొసలి.

మేళా ముగించుకుని ఒడ్డునే ఒంటికాలి మీద కునుకుతున్న కొంగ ఒక కన్ను తెరిచింది. "ఇంత ఉన్నదానికి సాయమా? కుదరదు."

నాగమల్లి తోక వాలిపోయింది. పానకాలు ఇకిలిస్తూ కాయలు గోనెలోకి ఎత్తుకోసాగాడు.

"ఏయ్, ఎవరి కాయలు ఎత్తుతున్నావ్?" మొసలి తోక దబ్బున పడింది.

"నావే..."

నాగమల్లి తోక టక్కున లేచింది. మొసలి వైపు తిరిగింది. "అధ్యక్షా! ఇవి ఆయనవైతే ఇందాకటిది దొంగ ఒట్టు. నావైతే ఇదిగో, ఫీజు కట్టేశాను. ఏదో ఒకటి తేల్చండి!"

దొంగ ఒట్టుకి శిక్షేమిటో చూపించడానికి మొసలి నోరు తెరిచింది. పళ్లన్నీ కనిపించాయి.

"ఈ పిల్లవే, ఈ పిల్లవే!" పానకాలు గోనె వదిలేశాడు. "బరువు కదా, మీ వీపు మీదికి ఎక్కిద్దామనీ..."

ఎక్కించాడు కూడా, ఒక్కడే, చివరి కాయదాకా. వగరుస్తూ నాగమల్లి చెవిలో అడిగాడు, "మరి నా ఈతపళ్లో?"

"సొంత కాయలున్నదాన్ని, నాకు కన్సల్టెన్సీ ఎందుకు బాబాయ్?"

అవతలి ఒడ్డుకి ముందే ఎగిరెళ్లిన కొంగ రెండు కాళ్ల మీదా నిలబడి నమస్కారం పెట్టింది. "ఫీజు ఒకేసారి కట్టారు కదమ్మా! మీలాంటివాళ్ల కోసమే మా దగ్గరొక స్కాలర్‌షిప్పుంది. సగం కాయలు వెనక్కి తీసుకోండి."

నీతి: సాయం దొరకడం కష్టమేం కాదు, అది మనకి అక్కర్లేదని నమ్మించడానికే కాస్త పెట్టుబడి కావాలి.