నాయకుడి నోట వదిన మాట

మా నాయకుడు ఆడవాళ్లను చిన్నచూపు చూస్తాడని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. చిన్నచూపా! ఆయన అసలు వాళ్లవైపు చూడనే చూడడు. చూడటం సంస్కారం కాదట. ఇంతకంటే మర్యాద ఎక్కడుంటుందో చెప్పండి?

ఆడది ఇంటికి వెలుగనీ, ఆ వెలుగు గడప దాటకూడదనీ ఆయన ప్రతి సభలోనూ చెబుతాడు. వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. అంత చక్కటి మాటలు ఆయనకు ఎక్కడినుంచి వస్తాయనుకున్నారు? మా వదిన దగ్గర్నుంచి. పదకొండేళ్లుగా పార్టీ ఆఫీసులో, జిరాక్స్ మెషిన్ పక్కన కుర్చీ వేసుకుని, ఆయన ప్రసంగాలన్నీ రాసేది ఆవిడే! ఆడవాళ్లు ఉద్యోగాలకు ఎందుకు వెళ్లకూడదో రాయడానికి ఆవిడ రోజూ తొమ్మిదింటికల్లా ఉద్యోగానికి వెళ్తుంది.

రాసినదాన్ని ఆయన ముందుగా చదివి చూసుకోడు. ఫైలు తెరవడం, మైకులో చదివేయడం. ఆడకూతురి మీద అంత నమ్మకం! దీన్ని వివక్ష అంటారా?

ఈమధ్య మా వార్డుకు కౌన్సిలర్ ఎన్నికలొచ్చాయి. టికెట్ తనకే కావాలని వదిన గట్టిగా అనుకుంది. ఏ వీధికి నీళ్లు రావడం లేదో, ఏ లైటు ఎన్నాళ్లుగా వెలగడం లేదో పార్టీలో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎంపిక కమిటీ ముందు నిలబడి నాలుగు పేజీల ప్రసంగం చదివింది. కమిటీలో అందరూ పెద్దమనుషులే కాబట్టి నొప్పించకుండా చెప్పారు. గొంతు పీలగా ఉందన్నారు. ఆవేశం ఎక్కువన్నారు. నువ్విలా తిరిగితే ఇల్లు ఎవరు చూస్తారమ్మా అని అడిగారు. పాపం, మా అన్నయ్య కూడా ఆ ఇంట్లోనే ఉంటాడన్న సంగతి వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. వదిన ఆ కాగితాలు టేబుల్ మీద పడేసి, ఇంటికొచ్చి ఏడ్చింది.

మర్నాడు సభ హడావిడిలో పీఏ ఆ కాగితాలే ఫైల్లో పెట్టేశాడు. నాయకుడు అలవాటు ప్రకారం చదివేశాడు. "ఇద్దరు పిల్లల్ని కని పెంచిన నేను..." అని గంభీరంగా మొదలుపెట్టి, పురిటి నొప్పుల మీదుగా వీధి లైట్ల దాకా ఎక్కడా తడబడలేదు! వేదిక మీదున్న కమిటీ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఎంత లోతు, ఎంత అనుభవం అని పొగిడింది. ఆడవాళ్ల కష్టం ఇంతగా తెలిసిన మనిషి మాట కాదనలేక, టికెట్ ఆయన బావమరిదికి ఇచ్చేసింది.

బావమరిది తరఫున మొదటి సభకు ప్రసంగం కావాలి కదా! నాయకుడు స్వయంగా వదినకు ఫోన్ చేశాడు. ఆవిడ ఎంతో వినయంగా జవాబు చెప్పింది.

"మీరు చెప్పింది నాకు ఇప్పటికి తలకెక్కిందండీ. ఆడదాని చోటు ఇల్లే. ప్రసంగాలు రాయడం బయటి పని కదా, మానేశాను."

ఎంత గొప్ప విజయం! పదకొండేళ్ల ప్రచారం విని నిజంగా మారిన మొట్టమొదటి ఆడమనిషి మా వదినే. ఆయన పొంగిపోవాల్సింది. ఎందుకో ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం సభను ఇంటిల్లిపాదీ టీవీలో చూశాం. అన్నయ్య అందరికీ టీ పెట్టి తెచ్చాడు. వదిన కాళ్లు చాపుకుని కూర్చుంది. నాయకుడు మైకు ముందుకొచ్చి, "సోదరీమణులారా" అని, ఫైలు తెరిచాడు. ఆడవాళ్ల గురించి ఆయన సొంత అభిప్రాయం ఏమిటో విందామని మేమంతా చెవులు రిక్కించాం.

ఆయన అందులోని ఖాళీ తెల్ల కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.